టిక్స్ ఉన్న పిల్లలకు మందుల చికిత్స

కళ్లు టపటపా ఆర్పడం, భుజం ఎగరేయడం, ముక్కు ఎగబీల్చడం, ఊరికే గొంతు సవరించుకోవడం వంటివి పిల్లలు హఠాత్తుగా, పదేపదే చేస్తుంటే వాటిని టిక్స్ అంటారు. కదలికల టిక్స్ కనీసం రెండు, శబ్దాల టిక్ ఒకటి, 18 ఏళ్లలోపు మొదలై ఏడాది దాటితే అది టూరెట్ సిండ్రోమ్. 1885లో తొమ్మిది మంది రోగుల లక్షణాలను వివరించిన ఫ్రెంచి వైద్యుడు జిల్ ద లా టూరెట్ పేరు దానికి స్థిరపడింది.

ఇవి ఎక్కువగా 4-6 ఏళ్ల మధ్య మొదలై, 10-12 ఏళ్లకు ఉధృతమై, ఆపైన చాలామందిలో తగ్గుముఖం పడతాయి. మధ్యలోనూ కొన్ని వారాలు పెచ్చుమీరి, కొన్ని వారాలు సద్దుమణుగుతాయి. పిల్లవాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది బాగా ముదిరినప్పుడే కనుక, తర్వాత వాటంతటవే తగ్గినా ఆ ఘనత మందుకే దక్కుతుంది. ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూడనిదే ఇక్కడ ఏ మందు గొప్పనూ నమ్మలేం. హంటింగ్టన్ వ్యాధిలో పనికొచ్చే డ్యూటెట్రాబెనజీన్‌ను టూరెట్ పిల్లలపై అలా పోల్చి చూస్తే, ఉత్తుత్తి మాత్రకంటే మెరుగని తేలలేదు.

ఏ మందూ టిక్స్‌ను నయం చేయదు, జోరు తగ్గిస్తుందంతే. తల విదిలించి విదిలించి మెడ నొప్పి పుడుతున్నా, రాయడం సాగకపోతున్నా, తోటివాళ్ల వెక్కిరింతలకు కుంగిపోతున్నా మందు అవసరమవుతుంది. చుట్టాల ముందు పెద్దవాళ్లకు నామోషీగా ఉందన్నది కారణం కాదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2019 మార్గదర్శకాలు కూడా మందులకన్నా ముందు ప్రవర్తన చికిత్సనే సూచించాయి. టిక్ వచ్చేముందు లోపల పుట్టే గులను పసిగట్టి, దానికి అడ్డుపడే మరో కదలికను పిల్లలచేత సాధన చేయిస్తారు. గొంతు టిక్ అయితే నోరు మూసి ముక్కుతో నిదానంగా ఊపిరి తీయమంటారు.

మందు తప్పదనుకుంటే తరచు క్లోనిడిన్ లేదా గ్వాన్‌ఫాసిన్‌తో మొదలుపెడతారు. ఇవి నిజానికి రక్తపోటు మందులు. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం) కూడా ఉన్న పిల్లల్లో బాగా పనిచేస్తాయి. మగతగా ఉంటుంది, రక్తపోటు పడిపోవచ్చు. ఊరెళ్తూ మాత్రలు ఇంట్లో మరిచిపోతే మాత్రం ప్రమాదమే: ఉన్నట్టుండి ఆపితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది.

డోపమైన్‌ను అడ్డుకునే మందులు ఇంతకంటే బలమైనవి. 1960లలో హాలోపెరిడాల్ ఫలితాలు చూశాకే, టిక్స్ మనసులోని అణచివేతల వల్ల వస్తాయన్న పాత వాదన వెనక్కి తగ్గింది. అయితే దానితో మెడ కండరాలు పట్టేయవచ్చు, పిల్లలు మందకొడిగా మారవచ్చు. పిమొజైడ్ గుండె లయను దెబ్బతీయగలదు కనుక ఈసీజీ తప్పనిసరి. దగ్గుకో జ్వరానికో మరో డాక్టరు క్లారిత్రోమైసిన్ రాస్తే, రెంటినీ కలిపి వాడకూడదు. అమెరికాలో 2014లో 6-18 ఏళ్లవారి టూరెట్‌కు అనుమతి పొందిన అరిపిప్రజోల్ నేడు ఎక్కువ వాడుకలో ఉంది. రిస్పెరిడోన్‌తో ఆకలి, బరువు పెరుగుతాయి. ఈ మందులు మొదలుపెట్టేముందే బరువు, షుగర్, కొలెస్ట్రాల్ చూసుకోవాలి.

చాలాసార్లు పిల్లవాణ్ణి చదువులో వెనక్కి లాగేది టిక్స్ కాదు, వెంట ఉన్న ఏడీహెచ్‌డీ. మిథైల్‌ఫెనిడేట్ ఇస్తే టిక్స్ ముదురుతాయన్న భయం చాలాకాలం ఉండేది. 136 మంది పిల్లలతో జరిపి 2002లో ప్రచురించిన అధ్యయనం ఆ భయానికి ఆధారం లేదని చూపింది. క్లోనిడిన్‌తో కలిపి ఇచ్చినప్పుడే అన్నిటికన్నా మంచి ఫలితం వచ్చింది.

కొన్ని నెలలు నిలకడగా ఉంటే డాక్టరే మోతాదు కొద్దికొద్దిగా దింపి చూస్తారు. అందుకు పరీక్షల కాలం కన్నా వేసవి సెలవులు అనువు.