కత్తి మీద పేరు

ఈమధ్య హైదరాబాద్‌లో నా స్నేహితుడొకడు జపాన్ కత్తి కొన్నాడు. ఉల్లిగడ్డ కోస్తుంటే చప్పుడే లేదు. దాని మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఒసాకా పక్కనున్న సకాయ్‌లో చేశారట. అక్కడ తరాలుగా కత్తులే బతుకైన కుటుంబాలున్నాయి. నాకేమో దేవరకొండ దగ్గరి మా ఊళ్లో నాయినమ్మ కత్తిపీట గుర్తొచ్చింది. దాన్నీ తరాలుగా ఇనుము కొట్టిన ఇంటివాళ్లే చేశారు. దాని మీద మాత్రం ఏ పేరూ లేదు.

మనవాళ్లకు పనితనం తక్కువై కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో కరిగించిన ఉక్కు పర్షియా దాకా పోయింది. గోల్కొండ ఉక్కు గురించి 17వ శతాబ్దంలోనే టావెర్నియే రాశాడు. 1795లో లండన్ రాయల్ సొసైటీ ముందు పియర్సన్ దీనిమీద పత్రం చదివాడు. ఆ తర్వాత ఫారడే దీని గుట్టు విప్పాలని ప్రయోగాలు చేశాడు. ఆయన తండ్రీ కమ్మరే! కానీ ఈ ఉక్కుతో చేసిన కత్తికి దక్కిన పేరు డమాస్కస్. ఉక్కుకు దక్కిన పేరు వూట్జ్. చేసినవాళ్ల ఊసే లేదు.

సకాయ్ కథ వేరు. అక్కడి పొగాకు కత్తులకు షోగన్ల ప్రభుత్వమే ముద్ర వేయించింది. 1876లో కత్తి ధరించడాన్ని నిషేధించాక జపాన్‌లో ఖడ్గాలు చేసేవాళ్లు చాలామంది వంటింటి కత్తుల వైపు మళ్లారు. కత్తి మీది పేరు చాలాసార్లు దుకాణానిదే కావచ్చు. అయినా పేరంటూ ఉంటేనే కదా, దూరాన ఉన్న మనిషి అదే కావాలని అడిగేది!

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో కమ్మరికి ఒక్కో కత్తికి ధర కట్టలేదు. ఏడాదంతా కర్రు, గుంటక పాస, కొడవలి బాగుచేస్తే పంటనాడు కళ్లంలో మేర కొలిచారు. ఊళ్లో అందరికీ తెలిసిన మనిషికి ముద్ర ఎందుకు? ట్రాక్టరొచ్చి కర్రుతో పని లేకుండా పోయాక ఊరు ఆయన్ని అడగలేదు. ఊరి బయట ఆయనెవరో తెలియదు. గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాటలో చల్లబడ్డది ఆ కొలిమే.

మొన్న నాన్నను అడిగాను, మన కత్తిపీట ఎవరు చేసిండ్రని.

“కమ్మరాయన.”

“ఆయన పేరేంది?”

నాన్న చాలాసేపు ఆలోచించాడు. గుర్తు రాలేదు.