అ అంటే అమ్మ, మరి అమ్మ చేసే పని?

బొమ్మ చూపించి అక్షరం నేర్పడం చిన్న విషయంలా కనిపిస్తుంది. ఏ బొమ్మ, ఎవరి బొమ్మ అని అడిగితే మాత్రం మన చదువుల చరిత్రే కదులుతుంది.

ఐరోపాలో కొమేనియస్ 1658లోనే పిల్లల కోసం బొమ్మల పాఠ్యపుస్తకం తెచ్చాడు. పుదూరు సీతారామశాస్త్రి 'బాలశిక్ష' వచ్చింది 1832లో. అప్పటి వీధిబడుల్లో చదువంటే ఇసుకలో దిద్దడం, వల్లె వేయడం. ఆడపిల్లలు అక్కడ అరుదు. 1939లో మాంటిస్సోరి మద్రాసు అడయారుకు వచ్చి, చేతితో తాకి, కంటితో చూసి నేర్చుకునే పద్ధతిలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. 1945లో న్యాయపతి కామేశ్వరి, రాఘవరావు దంపతులు 'బాల' పత్రిక మొదలుపెట్టారు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంతో అంగన్‌వాడీలు క్రమంగా పల్లెలకు చేరాయి. అక్షరాల పటం కూలితల్లుల పిల్లల ముందుకొచ్చింది.

మా పర్చూరు 1970 దాకా గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. జిల్లాలు మారాయి గాని పటం మారలేదు. బొమ్మ చూసి పిల్ల తనకు తెలిసిన మాట అనాలి, ఆ మాటలోని మొదటి శబ్దం అక్షరంతో ముడిపడాలి. మా పిల్లలు ఊయలని చూసి 'ఉయ్యాల' అంటారు. ఐరావతం వాళ్ళకు ఏనుగే. ఓడ పడవ, ఔషధం మందు. ముడి అక్కడే తెగుతుంది. తప్పు పిల్లలది కాదు, వాళ్ళ ఇంటిమాటకు చోటివ్వని పటానిది.

అచ్చుల వరసలో నాకు కనిపించే మనుషులు ఇద్దరే, అమ్మ, ఋషి. ఆమెకు చంకలో బిడ్డ, ఆయనకు తపస్సు. మిరపకాయలు కోసే అమ్మ, కల్లంలో తాలుకాయలు ఏరే అమ్మ, పత్తి తీసే అమ్మ ఏ అక్షరం పక్కనా లేరు. మా నేల పంటనంతా చేతులతో ఎత్తే ఆడవాళ్ళని చదువు మొదటిరోజే పిల్లల కళ్ళముందు నుంచి తప్పించేశాం.

క కల్లం, గ గంప, ప పత్తి, మ మిరప. ఇవి బొమ్మలకు లొంగని మాటలా? బడికి రాకముందే పిల్లలకు తెలిసిన మాటలు కదా!

ఈ బొమ్మలు చూపించే అంగన్‌వాడీ కార్యకర్త శ్రమా అలాగే కనిపించకుండా పోయింది. వాళ్ళకు గ్రాట్యుటీ హక్కుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆమెకిచ్చేదానికి పేరు జీతం కాదు, 'గౌరవ వేతనం'. గోడమీద అమ్మకి పని లేదు, గోడపక్కన నిలబడి చదువు చెప్పే స్త్రీకి జీతం లేదు. రెండూ ఒకే చూపు. పటం మార్చడమంటే ఆ చూపు మార్చడం.