గాజుపూసా, గడీదీపమూ

పాత గాజుసామాను కొనేవారికీ, దాన్ని గురించి రాసేవారికీ సాధారణంగా రెండే ప్రశ్నలు: యే దేశపు సరుకు? యెంత ధర పలుకుతుంది? వస్తువును గుర్తించటమంటే యీ రెంటికీ జవాబు చెప్పటమేనన్న అభిప్రాయం మన చదువుకున్నవారిలో గూడా పాతుకుపోయింది. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల గాజును ముందు పెట్టుకుని చూస్తే యీ పద్ధతి యెంత చాలనిదో తెలుస్తుంది. యిక్కడ గాజు మూడు చోట్ల కనిపిస్తుంది: దొరల గడీలలో వేలాడిన దీపాలు, నిలువుటద్దాలు, గోండు స్త్రీల మెడల్లోని పూసలదండలు, శాతవాహనుల నాటి పాటిగడ్డల మీద వానకు పైకి తేలే పూసలు. మూడింటికీ బజారులో గిరాకీ వుంది. ఆ బజారు ధర కట్టే పద్ధతే వాటి చరిత్రను చెరిపివేస్తున్నదని నా వాదం.

ముందు గడీల సంగతి. మన వైపు పెద్ద అద్దమేదయినా బెల్జియం అద్దమే, వేలాడే దీపమేదయినా బెల్జియం ఝూమరే. బెల్జియంలో 1826లో నెలకొన్న వాల్ సాంలాంబేర్ కార్ఖానా గొప్ప సరుకు తయారుచేసిన మాట నిజం. కాని బొహీమియా సరుకూ, ఇంగ్లీషు సరుకూ గూడా యీ పేరు కిందనే చెలామణీ అయ్యాయి. బర్మింగ్‌హాంలోని ఆస్లర్ కంపెనీ 1851 లండన్ ప్రదర్శనలో 27 అడుగుల గాజు ఫౌంటెన్ నిలబెట్టి పేరు తెచ్చుకుంది. కలకత్తాలో దుకాణం తెరిచి మన రాజులకూ నవాబులకూ దీపాలు అమ్మింది. అటువంటి దీపం చేతికి వస్తే గాజుకన్నా ముందు లోహపు భాగాలు పరీక్షించాలి. కంపెనీ పేరు వుంటే అక్కడే వుంటుంది. ఊది చేసిన పాత్రకు అడుగున కడ్డీ విరిచిన గంటు వుంటుంది, లేదా ఆ గంటును అరగదీసిన గుంట వుంటుంది. అచ్చులో పోసినదానికి అతుకుగీత కనిపిస్తుంది. నిలువుటద్దానికి వెనక పూత చూడాలి. జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ 1835లో కనిపెట్టిన వెండిపూత వ్యాపించకముందు తగరమూ పాదరసమూ కలిపి పూసేవారు. ఆ పూత ముసలిదై బూడిదరంగు తిరిగి, రవ్వలు రవ్వలుగా మెరుస్తుంది. వెండిపూత అంచుల నుంచి నల్లబడుతుంది. గోటితో మీటి ఖంగుమన్నది గనక అసలు పాతదేనని తేల్చేసే నిపుణులు కొందరున్నారు. సీసం కలిసిన గాజు ఖంగుమనక యేం చేస్తుంది? నిన్న చేసినదయినా అంటుంది.

యింతవరకూ పనికివచ్చే విద్యే. కాని యిక్కడితో ఆగితే మనకు తెలిసేది బర్మింగ్‌హాం చరిత్ర మాత్రమే. ఆ దీపం కరీంనగర్ పల్లెకు యెట్లా వచ్చింది? 1920ల చివర కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పూర్తయ్యాక పెద్దపల్లి, మంచిర్యాల స్టేషన్లదాకా సరుకు రైల్లో రాగలిగింది. స్టేషన్ నుంచి గడీకి దాన్ని చేర్చింది రైతుల బండ్లూ, కూలి ముట్టని మనుషుల నెత్తులూ. చెప్పులు కుట్టేవారు, బట్టలు వుతికేవారు, కల్లు గీసేవారు దొరకు యేమేమి వూరికే అర్పించుకోవలసివచ్చేదో పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణా పోరాట చరిత్రలో వృత్తులవారీగా వివరించాడు. దీపం కొన్న డబ్బు ఆ భూముల నుంచే వచ్చింది; దాన్ని దించి, తుడిచి, వెలిగించిన చేతులూ ఆ వెట్టి కిందివే. అందుకని ఝూమరును బొహీమియన్ కళాఖండమని వూరుకోవటం సగం గుర్తింపు. అది తెలంగాణా వ్యవసాయ సంబంధాలకు గూడా సాక్ష్యవస్తువు. సాలార్‌జంగ్ వంశం, ముఖ్యంగా మూడవ సాలార్‌జంగ్ (1889–1949), సేకరించిన సామగ్రితో 1951 డిసెంబరులో హైదరాబాదులో మ్యూజియం తెరిచారు. అక్కడి గాజును చూసి ఆనందించవలసిందే. ఆ కొనుగోళ్ళ వెనక జాగీరు గ్రామాలున్నాయన్న సంగతి మాత్రం గాజు బీరువాలో కనిపించదు.

1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ యేడే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. దొరలలో చాలామంది పట్నాలకు తరలిపోయారు. పాడుబడ్డ గడీల తలుపులు, దూలాలు, అద్దాలు, దీపాలు మెల్లగా అమ్మకానికి పోయాయి. వూరిపేరు, గడీపేరు దారిలోనే రాలిపోయి, కొన్నవారి యింట్లో మిగిలేది “బెల్జియం, పాతది” అన్న రెండు ముక్కలు.

యిక పూసల విషయం. పెద్దబంకూరు, ధూళికట్ట (2016 తరువాత యివి పెద్దపల్లి జిల్లాలోకి వచ్చాయి), గోదావరి వొడ్డున కోటిలింగాల – యివి శాతవాహనుల నాటి జనావాసాలు. పెద్దబంకూరులో 1960ల చివర మొదలయిన తవ్వకాలలో ఇటుక బావులు, ఇనుప పనిముట్లు, మట్టిబొమ్మలు, వేల సంఖ్యలో నాణేలు బయటపడ్డాయి, వాటితోబాటు పూసలు. అప్పటి మెదక్ జిల్లా కొండాపురంలో దొరికిన పూసలను మోరేశ్వర్ దీక్షిత్ శ్రద్ధగా వర్గీకరించి 1952లోనే పుస్తకం ప్రకటించాడు. అయినా నేల నుంచి మెరిసే గాజు వస్తే చాలు, రోము నుంచి వచ్చిందనే అలవాటు చాలాకాలం పోలేదు. మనవాడు మట్టికుండ చేయగలడు గాని గాజు చేయలేడన్న అపనమ్మకం దానిలో వుంది.

పూసను భూతద్దం కింద పెడితే అదే జవాబు చెబుతుంది. లోపలి బుడగలు, చారలు రంధ్రం పొడవునా సాగివుంటే అది గొట్టంగా లాగి ముక్కలు కోసిన పూస. రంధ్రం చుట్టూ తిరిగివుంటే కడ్డీకి చుట్టి చేసినది. ముతక యెరుపు రాగి వల్ల వస్తుంది, అదీ కొలిమిలో గాలి అందకుండా కాచినప్పుడే. చిక్కటి నీలం కోబాల్టుది. రసాయన పరీక్ష యింకా స్పష్టంగా చెబుతుంది. రోమన్ గాజు ఈజిప్టు సోడాతో చేసినది, అల్యూమినా తక్కువ. మన నేల ఇసుకతో, చౌడుతో కాచిన గాజులో అల్యూమినా యెక్కువ. తూర్పు ఆఫ్రికా నుంచి కొరియా దాకా దొరికే చిన్న వొంటిరంగు పూసల్లో యీ రకం గాజు విస్తారంగా వుంది. యెందుకూ పనికిరాదని రైతు తిట్టుకునే చౌడే సముద్రాలు దాటిన సరుకుకు మూలమన్నమాట!

ఆ పని యెట్లా జరిగిందో వూహించుకోనక్కరలేదు. అప్పటి చిత్తూరు జిల్లా పాపానాయుడుపేటలో గాజు లాగే విధానాన్ని పూసల పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ యిరవయ్యో శతాబ్దం చివర పరిశీలించి రాశాడు. కరిగిన గాజుముద్దను పొడుగాటి ఇనుపగొట్టానికి యెక్కించి, నడుమ బోలు చేసి కొలిమిలో పెడతారు. అవతలివైపు కూచున్న పనివాడు సాగే గాజును చేతులు మార్చి మార్చి లాగుతూనే వుంటాడు. యెంత సాగినా నడుమ రంధ్రం మూసుకుపోదు. ఆ గొట్టాన్ని సన్నగా ముక్కలు చేసి, బూడిద కలిపి వేడిచేస్తే అంచులు గుండ్రబడతాయి. యిటువంటి పనితనం తెలుగునేల మీద నిలిచివుండగా పూస పుట్టుకకు రోముదాకా పోవటమెందుకు?

గోండు స్త్రీల దండలది మరొక కథ. కేస్లాపూర్ నాగోబా జాతర వంటి సంతలలో అమ్ముడుపోయే పూస యెక్కడిదయినా కావచ్చు. పందొమ్మిదో శతాబ్దం చివర బొహీమియాలోని గాబ్లోంజ్ నుంచి మన దేశానికి గాజులూ పూసలూ కుప్పలుగా దిగాయి. వాటిని చేసింది కొండపల్లెల్లో యింటిల్లిపాదీ కూచుని చాలీచాలని కూలికి పనిచేసిన కుటుంబాలు. కొన్నది, హైమెన్‌డార్ఫ్ 1940లలో ఆదిలాబాదులో చూసి రాసినట్లు, వ్యాపారుల అప్పుల్లో భూమి పోగొట్టుకుంటున్న రైతులు. పాత దండను తెంచి, పూసలను రంగులవారీగా డబ్బాల్లో పోసి అమ్మే వర్తకుడు యీ రెండు పేదరికాలను కలిపిన దారాన్నే పారేస్తున్నాడు.

సేకరణ తప్పని నేననను. కోటిలింగాల నాణేలు స్థానిక సేకర్తల చేతికే మొదట చిక్కాయి. ఠాకూర్ రాజారాంసింగ్ వంటివారు వాటిని యెక్కడ దొరికాయో చెప్పి మరీ పండితులకు చేర్చినందువల్ల పరబ్రహ్మశాస్త్రి గోబద, సమగోప వంటి అజ్ఞాత రాజులనూ, చిముకుని పేరునూ చదివాడు. శాతవాహనుల తొలి స్థానం గురించిన చర్చ అంతటితో కొత్తదారి పట్టింది. అవే నాణేలు వూరుపేరు లేకుండా బొంబాయి దుకాణంలో తేలివుంటే వట్టి వింత నాణేలయ్యేవి.

శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ళు కోటిలింగాల దాకా వచ్చాయి. దున్నే నేలమీద ఉపాధ్యాయులు గాని విద్యార్థులు గాని పూస చూస్తే యేరి జేబులో వేసుకోవటం కన్నా చేను పేరు, సర్వే నెంబరు, పక్కన వున్న పెంకులు, ఇటుకలు రాసుకుని పురావస్తుశాఖకు తెలపటం మేలు. గడీదీపం దొరికితే ముందు ఆ వూరికి పోవాలి. దాన్ని దించి తుడిచిన పనిపిల్లల్లో 1978 నాటికి పదిహేనేళ్ళున్నవారు కూడా యిప్పుడు అరవై దాటారు.