నడుంనొప్పి, సూది, రుజువు: ఒక చికిత్సను పరీక్షించిన చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు: (1) ఒక చికిత్స పనిచేస్తుందో లేదో తేల్చడానికి పోలిక ఎందుకు అవసరమో వివరించగలుగుతారు, (2) దీర్ఘకాలిక నడుంనొప్పిపై ఆక్యుపంక్చర్ పరీక్షల చరిత్రను చెప్పగలుగుతారు, (3) ఒకే రకం ఆధారాలనుంచి వేర్వేరు దేశాలు వేర్వేరు నిర్ణయాలకు ఎందుకు వచ్చాయో విశ్లేషించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న ప్రారంభించారు. అంతకుముందు బండరాళ్లు, పొలాలు, చిన్న ఊళ్లు ఉన్న ప్రాంతం పాతికేళ్లలో కంప్యూటర్ల ముందు పనిచేసేవారి నగరంగా మారింది. అయితే అక్కడ నడుము పట్టుకునేది కుర్చీలో కూర్చున్నవారికి మాత్రమే కాదు. ఆ భవనాలకు ఇటుకలు మోసినవారికి, గేటు దగ్గర గంటల తరబడి నిలబడే కాపలాదారుకు, రోజంతా ఆటో నడిపే డ్రైవరుకు కూడా అదే బాధ. 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 61.9 కోట్లమంది నడుంనొప్పితో ఉన్నారని అంచనా.

మూడు నెలలకు మించి ఉండే నొప్పిని దీర్ఘకాలికం అంటారు. ఎక్కువమందిలో దానికి ఫలానా ఎముక, ఫలానా నరం కారణమని చూపించడం సాధ్యపడదు. కారణం తేలని చోట చికిత్సలు పెరుగుతాయి. ఆక్యుపంక్చర్ వాటిలో ఒకటి. “సూదులు వేయించుకున్నాను, తగ్గింది” అని ఒకరు చెబితే నమ్మాలా వద్దా? ఇది వైద్యుల ప్రశ్నే కాదు, చరిత్ర విద్యార్థి ప్రశ్న కూడా. సాక్ష్యాన్ని తూచడమే కదా మన పని.

2. హైదరాబాదు నేర్పిన పాఠం

వైద్యాన్ని పరీక్షించడం మన నగరానికి కొత్త కాదు. 1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను మత్తుమందుగా ప్రవేశపెట్టాడు. మరుసటి ఏడాదే దానివల్ల మరణం నమోదైంది. క్లోరోఫాం ముందు శ్వాసను ఆపుతుందా, గుండెను ఆపుతుందా అన్న వాదం దశాబ్దాలపాటు సాగింది. హైదరాబాదు మెడికల్ స్కూలు అధిపతి, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో పనిచేసిన ఎడ్వర్డ్ లారీ శ్వాసనే గమనించాలని గట్టిగా నమ్మినవాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆదరణతో 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. దాని నిర్ణయాన్ని లండన్‌లోని ‘లాన్సెట్’ పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇచ్చి, ఆ పత్రికనే ఒక నిపుణుణ్ణి పంపమని కోరింది. అలా 1889లో లాడర్ బ్రంటన్ హైదరాబాదు వచ్చాడు. గుండెకే ప్రమాదమని అనుకుంటూ వచ్చిన ఆయన, వందలాది జంతువులపై ప్రయోగాలు చూశాక లారీ పక్షానికి మారాడు.

ఇంత పెద్ద పరీక్ష, ఇంత ఖర్చు. అయినా సమాధానం పూర్తిగా సరికాలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ మరో సంగతి చూపించాడు. తేలికపాటి క్లోరోఫాం మత్తులో కూడా గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చు. మోతాదు మించినప్పుడు ఏమవుతుందన్నదానిపైనే ఎక్కువగా దృష్టి పెట్టిన కమిషన్‌కు ఈ ప్రమాదం అందలేదు. ఇక్కడ మీరు గమనించవలసింది ఇది: పరీక్షల సంఖ్య ఎంత పెద్దదైనా, అడిగిన ప్రశ్నకే జవాబు దొరుకుతుంది, అడగని ప్రశ్నకు దొరకదు.

3. సూది ప్రయాణం

ఆక్యుపంక్చర్ చైనాలో ప్రాచీన కాలంనుంచి ఉంది. 1938లో చైనాకు వెళ్లిన భారత వైద్య బృందంలో ద్వారకానాథ్ కోట్నిస్‌తోపాటు బిజయ్ కుమార్ బసు కూడా ఉన్నాడు. 1950ల చివర బసు మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని, కలకత్తాలో దానిని ఆరంభించాడు. అమెరికాలో దీనిపై ఆసక్తి 1971లో పెరిగింది. ‘న్యూయార్క్ టైమ్స్’ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కు బీజింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. ఆ తరువాత వచ్చిన బాధకు సూదులతో ఉపశమనం కలిగిందని ఆయన రాశాడు. అది ఒక మనిషి అనుభవం. అబద్ధమనడానికి వీల్లేదు, రుజువు అనడానికీ వీల్లేదు.

ఎందుకు? నడుంనొప్పి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా ముదిరినప్పుడే మనం చికిత్సకు వెళతాం. ఏమీ చేయకపోయినా ఆ తరువాత కొంత తగ్గే అవకాశం ఉంది. పైగా శ్రద్ధగా చూసే వైద్యుడు, తగ్గుతుందన్న ఆశ, పడుకుని తీసుకున్న విశ్రాంతి కూడా పనిచేస్తాయి. వీటన్నిటినుంచి సూది వంతును వేరు చేయాలి.

4. మూడు జట్ల పరీక్ష

ఇలా వేరు చేసే ఉపాయం పాతదే. 1784లో పారిస్‌లో ‘జంతు అయస్కాంతత్వం’ అనే చికిత్సను పరిశీలించిన సంఘంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉన్నాడు. ఆ సంఘం రోగుల కళ్లకు గంతలు కట్టి పరీక్షించింది. చికిత్స జరుగుతోందని నమ్మినప్పుడు ప్రభావం కనిపించింది; తెలియకుండా చేసినప్పుడు కనిపించలేదు.

మాత్ర విషయంలో అదే రంగు ఉత్తుత్తి మాత్ర ఇవ్వవచ్చు. సూదికి ఉత్తుత్తి సూది ఎలా? కొందరు పరిశోధకులు ఆక్యుపంక్చర్ బిందువులు కాని చోట్ల చర్మం పైపైనే సూది గుచ్చారు. 1998లో జర్మనీకి చెందిన స్ట్రైట్‌బర్గర్, చర్మాన్ని తాకగానే పిడిలోకి జరిగిపోయే మొద్దు సూదిని పరిచయం చేశాడు.

జర్మనీలో ఆరోగ్య బీమా సంస్థలు ఈ చికిత్సకు డబ్బు చెల్లించాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు పెద్ద పరీక్షలు చేశారు. వాటిలో ఒకదాని ఫలితాలు 2007లో వెలువడ్డాయి. సగటున ఎనిమిదేళ్లుగా నడుంనొప్పి ఉన్న 1,162 మందిని చీటీ తీసినట్లు మూడు జట్లుగా విడదీశారు. ఆరు నెలల తరువాత మెరుగైనవారు:

అసలు ఆక్యుపంక్చర్: 47.6 శాతం
ఉత్తుత్తి ఆక్యుపంక్చర్: 44.2 శాతం
మందులు, వ్యాయామం వంటి మామూలు చికిత్స: 27.4 శాతం

2009లో అమెరికాలో 638 మందిపై జరిగిన పరీక్షలో ఉత్తుత్తి సూదిగా పళ్లు కుట్టుకునే పుల్లను వాడారు. ఎనిమిది వారాలకు సూది జట్లలోనూ, పుల్ల జట్టులోనూ సుమారు 60 శాతం మంది రోజువారీ పనుల్లో మెరుగయ్యారు. మామూలు వైద్యం పొందినవారిలో 39 శాతం.

5. ఒకే రకం ఆధారం, రెండు తీర్పులు

పై అంకెలను మరోసారి చూడండి. మొదటి వరుసను మూడో వరుసతో పోల్చితే ఆక్యుపంక్చర్ గెలిచింది. రెండో వరుసతో పోల్చితే తేడా దాదాపు లేదు. ఈ రెండూ నిజమే.

జర్మనీ మొదటి పోలికకు విలువ ఇచ్చి, దీర్ఘకాలిక నడుంనొప్పికి బీమా సౌకర్యం కల్పించింది. బ్రిటన్‌లో నైస్ అనే మార్గదర్శక సంస్థ 2009లో ఆక్యుపంక్చర్‌ను సూచించి, 2016లో ఇవ్వవద్దని చెప్పింది; ఉత్తుత్తి చికిత్సకంటే తగినంత మెరుగు కనబడలేదన్నది దాని వాదన. అమెరికాలో నొప్పి మాత్రల వ్యసనం పెను సంక్షోభమైంది. 2020 జనవరిలో అక్కడి మెడికేర్ పథకం, ప్రధానంగా వృద్ధులకు ఉద్దేశించినది, నడుంనొప్పికి ఆక్యుపంక్చర్ ఖర్చు భరించడానికి ఒప్పుకుంది. అదే ఏడాది 33 అధ్యయనాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష, ఉత్తుత్తి చికిత్సతో పోల్చితే చెప్పుకోదగ్గ అదనపు ప్రయోజనం ఉండకపోవచ్చని తేల్చింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ షరతులతో కూడిన సిఫార్సు చేసింది.

“సూది ప్రత్యేకంగా ఏమైనా చేస్తుందా?” అన్నది శాస్త్రజ్ఞుని ప్రశ్న. “వెళ్తే నాకు హాయి కలుగుతుందా?” అన్నది రోగి ప్రశ్న. “ప్రజల డబ్బు దీనికి పెట్టాలా?” అన్నది ప్రభుత్వ ప్రశ్న. తీర్పులు వేరు కావడానికి కారణం అడిగిన ప్రశ్నలు వేరు కావడమే. ఉత్తుత్తి సూది కూడా శరీరాన్ని తాకుతుంది కాబట్టి అది పూర్తిగా ‘ఏమీ లేని’ చికిత్స కాదన్న వాదన కూడా ఉంది. సూది వేసేవారికి ఏది అసలో తెలిసిపోవడం ఈ పరీక్షల్లో మిగిలిన లోపం.

6. సైబరాబాద్‌లో అయితే

ఇటువంటి పరీక్షను గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాల్లో చేయాలనుకోండి. ముందుగా భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. 2007లో మొదలైన ఈ రిజిస్ట్రీ ముఖ్య ప్రయోజనం ఏమిటంటే, దేనిని కొలుస్తామో ముందే ప్రకటించాలి. ఫలితం వచ్చాక మాట మార్చడం కష్టం. ఉద్యోగులతోపాటు కూలీలను కూడా చేర్చుకోవాలి. పది సార్లు రావాలంటే రోజు కూలి పోతుంది. ఆ నష్టాన్నీ లెక్కలో వేయాలి. మధ్యలో మానేసినవారిని వదిలేయకూడదు. తగ్గనివారే తరచు మానేస్తారు.

మీ ఇంట్లో ఎవరైనా సలహా అడిగితే ఒక జాగ్రత్త తప్పక చెప్పండి. నడుంనొప్పితోపాటు కాళ్లు బలహీనపడినా, మూత్ర మలాలపై పట్టు తప్పినా, జ్వరం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా, ఏ సూదికోసమూ ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. సూదులు వేయించుకునేవారు, ఒకసారి వాడి పారవేసే శుభ్రమైన సూదులేనా అని అడగాలి.

7. సారాంశం

ఒకరి అనుభవం ప్రశ్నకు ఆరంభం, జవాబు కాదు. జవాబుకు పోలిక కావాలి. దేనితో పోల్చారన్నదే తీర్పును నిర్ణయిస్తుంది. 1889లో క్లోరోఫాం విషయంలోనూ, 2007లో సూది విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. “నూటికి ఇంతమందికి తగ్గింది” అన్న ప్రకటన చూసినప్పుడు “దేనితో పోల్చితే?” అని అడగడం అలవాటు చేసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ నిర్ణయంలో లోపం ఎందుకు వచ్చింది?
2. జర్మనీ పరీక్షలో మూడో జట్టు లేకపోతే మీరు ఏ నిర్ణయానికి వచ్చేవారు? రెండో జట్టు లేకపోతే?
3. మీకు తెలిసిన ఒక ఇంటి వైద్యాన్ని తీసుకుని, దానిని పరీక్షించే పద్ధతిని పది వాక్యాలలో రాయండి.