యాసిడ్ దాడుల నివారణ, మహిళలకు చట్టపరమైన రక్షణ: వరంగల్ ఘటన మిగిల్చిన మూడు ప్రశ్నలు

(ప్రత్యేక వ్యాసం)

వరంగల్: మహిళలపై జరిగే నేరాలలో యాసిడ్ దాడి అత్యంత క్రూరమైనది. క్షణాలలో జరిగే ఈ నేరం బాధితురాలి చూపును, చదువును, జీవనోపాధిని జీవితాంతం దెబ్బతీస్తుంది. అయితే ఇది హఠాత్తుగా పుట్టుకువచ్చే నేరం కాదు. చాలా సందర్భాలలో దాడికి ముందు వెంటపడటం, బెదిరించడం, ఫోన్లలో వేధించడం వంటి చర్యలు కొంతకాలం కొనసాగుతాయి. ఆ దశలోనే ఫిర్యాదును నమోదు చేసి చర్య తీసుకుంటే ప్రాణాలను కాపాడే అవకాశం ఉంటుంది. 2008లో వరంగల్‌లో జరిగిన ఘటన, ఆ తరువాత వెలువడిన చట్టాలు ఈ విషయాన్నే స్పష్టం చేస్తున్నాయి. పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు ఉపయుక్తంగా ఉండేందుకు సంబంధిత వివరాలను ఇక్కడ పొందుపరచడమైనది.

2008 నాటి ఘటన

2008 డిసెంబరు 10న, అంతర్జాతీయ మానవ హక్కుల దినం నాడు, వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న ఇద్దరు విద్యార్థినులు కళాశాల నుంచి ఇంటికి తిరిగి వెళ్తుండగా ముగ్గురు యువకులు వారిపై యాసిడ్ దాడికి పాల్పడ్డారు. తీవ్రంగా గాయపడిన ఇద్దరిలో ఒకరు చికిత్స పొందుతూ మరణించారు. దాడికి ముందు నుంచే వేధింపులు సాగాయని, వాటిపై కుటుంబ సభ్యులు పోలీసులకు ఫిర్యాదు చేశారని అప్పట్లో పత్రికలలో వార్తలు వచ్చాయి. అరెస్టయిన ముగ్గురు నిందితులూ డిసెంబరు 13న పోలీసు కాల్పులలో మరణించారు.

ఫలితంగా ఈ కేసులో నిందితులపై న్యాయస్థాన విచారణ జరగలేదు. వేధింపులపై అందిన తొలి ఫిర్యాదుపై ఏ చర్య తీసుకోవాలి, యాసిడ్ అంత సులభంగా ఎలా చేతికి వస్తోంది, బాధితులకు చట్టప్రకారం దక్కవలసినది ఏమిటి అనే మూడు ప్రశ్నలపై న్యాయస్థానం తన నిర్ణయం ప్రకటించే సందర్భమే రాలేదు. ఈ ప్రశ్నలకు తరువాతి సంవత్సరాలలో పార్లమెంటు, సుప్రీంకోర్టు దశలవారీగా సమాధానమిచ్చాయి.

నేరానికి ప్రత్యేక నిర్వచనం

2008 నాటికి భారత శిక్షాస్మృతిలో యాసిడ్ దాడి ప్రత్యేక నేరంగా లేదు. తీవ్ర గాయం కలిగించడం, హత్యాయత్నం వంటి సాధారణ సెక్షన్ల కింద కేసులు నమోదయ్యేవి. తీవ్ర గాయానికి సంబంధించిన 326వ సెక్షన్‌లో గరిష్ఠ శిక్ష ఉన్నప్పటికీ కనీస శిక్ష నిర్దేశించలేదు. 2013 నాటి క్రిమినల్ చట్టాల సవరణ ద్వారా 326ఎ, 326బి సెక్షన్లు చేర్చబడ్డాయి. దాడికి కనీసం 10 సంవత్సరాల నుంచి యావజ్జీవం వరకు, దాడికి యత్నిస్తే 5 నుంచి 7 సంవత్సరాల వరకు జైలుశిక్ష విధించవచ్చు. బాధితురాలి వైద్య ఖర్చులకు సరిపడే జరిమానా విధించి, ఆ మొత్తాన్ని ఆమెకే చెల్లించాలి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవే నిబంధనలు 124వ సెక్షన్‌లో ఉన్నాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది.

మొదటి ప్రశ్న: తొలి ఫిర్యాదు

మహిళ అయిష్టతను స్పష్టంగా తెలిపినా పదే పదే వెంటపడటం, మాట్లాడేందుకు ప్రయత్నించడం, ఆమె ఇంటర్నెట్, ఈ-మెయిల్ వినియోగంపై నిఘా పెట్టడం 2013 నుంచి ప్రత్యేక నేరం. ప్రస్తుతం ఇది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ పరిధిలోకి వస్తుంది. మొదటిసారి నేరానికి 3 సంవత్సరాల వరకు, మళ్లీ చేస్తే 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష ఉంటుంది. మొదటి నేరానికి బెయిలు హక్కుగా లభిస్తుంది, పునరావృతమైతే ఆ హక్కు ఉండదు. అందువల్ల తొలి ఫిర్యాదును రాతపూర్వకంగా నమోదు చేయడం ఎంతో ముఖ్యం. నమోదు కాని మొదటి నేరం ఆధారంగా రెండవదానిని పునరావృత నేరంగా నిరూపించడం సాధ్యం కాదు.

ఈ సందర్భంలో అధికారులు గమనించవలసిన అంశం ఒకటి ఉంది. అత్యాచారం, యాసిడ్ దాడి వంటి నిర్దిష్ట నేరాలపై సమాచారాన్ని నమోదు చేయని ప్రభుత్వ ఉద్యోగికి 6 నెలల నుంచి 2 సంవత్సరాల వరకు కఠిన కారాగార శిక్ష విధించేందుకు 199వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. అయితే ఆ సెక్షన్ పేర్కొన్న నేరాల జాబితాలో 78వ సెక్షన్ లేదు. అనగా, దాడి జరిగిన తరువాత వచ్చే ఫిర్యాదును నిరాకరించడం ప్రత్యేక నేరం కాగా, దాడిని నివారించగల తొలి ఫిర్యాదు ఈ జాబితా వెలుపలే ఉండిపోయింది.

అంత మాత్రాన నమోదు చేయడం ఐచ్ఛికం కాదు. వెంటపడి వేధించడం పోలీసులు నేరుగా కేసు నమోదు చేయదగిన నేరం. అటువంటి నేరం జరిగినట్లు సమాచారం వెల్లడిస్తున్నప్పుడు ఎఫ్.ఐ.ఆర్. నమోదు తప్పనిసరి అని, నమోదు చేయని అధికారులపై చర్య తీసుకోవాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం లలితా కుమారి కేసులో 2013 నవంబరు 12న తీర్పునిచ్చింది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు. బాధితురాలి వాంగ్మూలాన్ని మహిళా అధికారి నమోదు చేయవలసిన నేరాలలో వెంటపడి వేధించడం కూడా ఉంది. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. స్టేషనులో నిరాకరిస్తే జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు, కమిషనరేట్ పరిధిలో సంబంధిత ఉన్నతాధికారికి లిఖితపూర్వకంగా పంపవచ్చు. అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

రెండవ ప్రశ్న: యాసిడ్ విక్రయం

లక్ష్మి వర్సెస్ కేంద్ర ప్రభుత్వం కేసులో 2013 జూలై 18న సుప్రీంకోర్టు యాసిడ్ విక్రయాలపై ఆంక్షలు విధించింది. వాటిలో ముఖ్యమైనవి:

- కొనుగోలుదారు పేరు, చిరునామా, పరిమాణం నమోదు చేసే రిజిస్టరు లేకుండా దుకాణాలలో విక్రయించరాదు.
- ప్రభుత్వం జారీ చేసిన, ఫొటో, చిరునామా గల గుర్తింపు పత్రం చూపాలి. కొనుగోలుకు కారణం తెలపాలి.
- 18 సంవత్సరాల లోపు వారికి విక్రయించరాదు.
- విక్రేతలు తమ వద్ద ఉన్న నిల్వలను 15 రోజులలోగా సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. ఉల్లంఘనకు రూ.50,000 వరకు జరిమానా విధించే అధికారం ఆయనకే ఉంటుంది.
- విద్యాసంస్థలు, ప్రయోగశాలలు, ఆసుపత్రులు వినియోగ రిజిస్టరు నిర్వహించాలి. నిల్వకు ఒక వ్యక్తిని బాధ్యునిగా నియమించాలి. ప్రయోగశాల నుంచి బయటకు వెళ్లేవారిని తనిఖీ చేయాలి.

జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, కాకతీయ విశ్వవిద్యాలయం, కాకతీయ వైద్య కళాశాలతో పాటు అనేక కళాశాలలు గల వరంగల్, హనుమకొండ ప్రాంతంలో చివరి నిబంధనకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. బ్యాటరీల దుకాణాలు, బంగారు పని కేంద్రాలు, మరుగుదొడ్లు శుభ్రపరిచే యాసిడ్ విక్రయించే చిల్లర దుకాణాలు కూడా తనిఖీ పరిధిలో ఉండాలి. రిజిస్టరు ఉన్నదా అని మాత్రమే కాక, అందులోని వివరాలు నిల్వతో సరిపోలుతున్నాయా అని పరిశీలించినప్పుడే తనిఖీ అర్థవంతమవుతుంది.

మూడవ ప్రశ్న: వైద్యం, పరిహారం

నేర బాధితులకు పరిహార పథకాలను తప్పనిసరి చేసిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 357ఎ సెక్షన్ 2009 డిసెంబరు 31న అమలులోకి వచ్చింది. వరంగల్ ఘటన నాటికి ఆ రక్షణ లేదు. నేడు పరిస్థితి మారింది. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ యాసిడ్ దాడి బాధితులకు వెంటనే ఉచితంగా ప్రథమ చికిత్స లేదా వైద్యం అందించి, పోలీసులకు సమాచారమివ్వాలి. నిరాకరిస్తే బాధ్యులకు ఒక సంవత్సరం వరకు జైలుశిక్ష పడవచ్చు. శస్త్రచికిత్సలు సహా పూర్తి వైద్యాన్ని ప్రైవేటు ఆసుపత్రులు కూడా ఉచితంగా అందించాలని సుప్రీంకోర్టు 2015 ఏప్రిల్ 10న స్పష్టం చేసింది.

పరిహారం కనీసం రూ.3 లక్షలు ఉండాలని 2013లో సుప్రీంకోర్టు నిర్దేశించింది. ఇందులో రూ.1 లక్ష 15 రోజులలోగా, మిగిలిన రూ.2 లక్షలు ఆ తరువాత రెండు నెలలలోగా చెల్లించాలి. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ రూపొందించిన 2018 పథకం ప్రకారం ముఖం వికృతమైన సందర్భంలో కనీసం రూ.7 లక్షలు, గరిష్ఠంగా రూ.8 లక్షలు చెల్లించవలసి ఉంటుంది. నిందితుడు పట్టుబడకపోయినా పరిహారానికి దరఖాస్తు చేయవచ్చు. దరఖాస్తును జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు సమర్పించాలి. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 యాసిడ్ దాడి బాధితులను దివ్యాంగుల జాబితాలో చేర్చింది.

పాత్రికేయులకు సూచనలు

ఇటువంటి నేరాల వార్తలలో ‘ప్రేమోన్మాది’, ‘ప్రేమను నిరాకరించినందుకు’ వంటి పదప్రయోగాలు తెలుగు పత్రికలలో తరచుగా కనిపిస్తాయి. అవి వేధింపును ప్రేమగా చిత్రించి, బాధితురాలి నిరాకరణనే కారణంగా చూపుతాయి. ‘వెంటపడి వేధించడం’ అని నేరాన్ని నేరంగానే పేర్కొనడం సముచితం. అత్యాచార బాధితుల గుర్తింపును వెల్లడించడం 72వ సెక్షన్ కింద శిక్షార్హం. యాసిడ్ దాడి బాధితులకు ఈ సెక్షన్ నేరుగా వర్తించకపోయినా, వారి సమ్మతి లేకుండా ఫొటోలు, చిరునామాలు ప్రచురించకపోవడం వారి గౌరవానికి అవసరం. దాడి జరిగిన రోజు వార్తతో ఆగకుండా, ముందస్తు ఫిర్యాదు నమోదైందా, పరిహారం గడువులోగా అందిందా అనే విషయాలను కూడా వెలుగులోకి తేవడం ప్రజలకు మేలు చేస్తుంది.

సహాయం పొందే మార్గాలు

అత్యవసర పరిస్థితిలో 112 లేదా 100కు, మహిళా సహాయ కేంద్రం 181కు ఫోన్ చేయవచ్చు. 2014 అక్టోబరు 24న హైదరాబాద్‌లో ప్రారంభమైన షీ టీమ్‌లు 2015లో తెలంగాణలోని ఇతర జిల్లాలకు విస్తరించాయి. ఇవి వేధింపులపై ఫిర్యాదులు స్వీకరిస్తాయి. వైద్యం, న్యాయ సలహా, తాత్కాలిక వసతి ఒకేచోట లభించేందుకు సఖి కేంద్రాలు ఉన్నాయి. యాసిడ్ పడిన వెంటనే ఆ భాగాన్ని పుష్కలమైన శుభ్రమైన నీటితో కనీసం 20 నిమిషాలు కడగాలి, యాసిడ్ అంటిన దుస్తులను తొలగించాలి, ఆలస్యం చేయకుండా సమీప ఆసుపత్రికి తరలించాలి.

కఠిన శిక్షలు దాడి జరిగిన తరువాతనే అమలులోకి వస్తాయి. దాడికి ముందు బాధితురాలికి అండగా నిలిచేది పోలీసు స్టేషనులో నమోదైన తొలి ఫిర్యాదు, దుకాణంలో సక్రమంగా నిర్వహించిన రిజిస్టరు మాత్రమే. ఈ రెండింటి నిర్వహణ క్షేత్రస్థాయి అధికారుల చేతులలోనే ఉన్నది.