మెకంజీ సంగ్రహమును వివృతవిజ్ఞానమును

గ్రంథమును సంపాదించుట వేఱు. దానిని లోకమునకుఁ దెఱచియుంచుట వేఱు. మొదటిది ధనముచేతను శ్రమచేతను సాధ్యమగును. రెండవదానికి సూచిక కావలెను, ప్రతిలేఖనము కావలెను, అడిగినవాఁ డెవ్వఁడని చూడక పుస్తకమును జేతికిచ్చు నియమము కావలెను. ఈ మూఁడును లేనిచో నెంత గొప్ప భాండాగారమైననుఁ దాళము వేసిన పెట్టెయే యగును. పరిశోధనఫలములును, వాని కాధారములగు మూలములును అందఱికి నందుబాటులో నుండవలయునను నాశయమునకు నేఁడు వివృతవిజ్ఞానమని పేరు. యునెస్కో సంస్థ 2021వ సంవత్సరమున దీనిఁగూర్చి యొక సిఫారసు నంగీకరించినది. పేరు క్రొత్తదే కాని ప్రశ్న ప్రాఁతది. దక్షిణదేశచరిత్రకు ముఖ్యాధారమగు మెకంజీ సంగ్రహము రెండువందల యేండ్లుగా నీ ప్రశ్నకుఁ బాత్రమగుచునే యున్నది.

కర్నలు కాలిన్ మెకంజీ స్కాట్లండు దేశస్థుఁడు. 1783లోఁ గంపెనీ యుద్యోగియై మద్రాసునకు వచ్చెను. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన పిమ్మట మైసూరు సీమను గొలిపించు నధికారము వహించెను. భూమిని గొలుచుటతోఁ బాటు తాళపత్రగ్రంథములను, శాసనప్రతులను, నాణెములను, గ్రామవృత్తాంతములను సేకరించుట నతఁడు జీవితవ్రతముగాఁ గైకొనెను. దేశభాషలు మాత్ర మతనికి రావు. ఆ కొఱఁతను దీర్చినవారు ఏలూరి ప్రాంతపు కావలి సోదరులు. వెంకట బొర్రయ్య ప్రాఁతలిపులను జదువ నేర్చి శాసనపఠనమునకు దారి చూపెను. కాని 1803లోనే యకాలమరణము నొందెను. ఆ పిమ్మట నతని తమ్ముఁడు వెంకట లక్ష్మయ్య సేకరణభారమును దలకెత్తుకొనెను. మఱియొక సోదరుఁడు వెంకట రామస్వామియు నీ పనిలోఁ బాల్గొనెను.

వీరును, వీరి క్రింది గుమాస్తాలును ఊరూరికిఁ బోయి కరణములను, అర్చకులను, వృద్ధులను విచారించి, గ్రామకవిలెలను జూచి వ్రాసికొని వచ్చిన వృత్తాంతములే కైఫీయతులు. ఊరికిఁ బేరు వచ్చిన విధము, చెఱువు త్రవ్వించినవారు, గుడి కట్టించినవారు, పాలెగాండ్ర వంశక్రమము, మాన్యముల వివరము, కఱవుల కథలు వీనియందుఁ గానవచ్చును. రాజవంశముల ప్రశస్తులలోఁ జోటులేని సామాన్యగ్రామము చరిత్రకెక్కిన దీ పత్రములయందే. ఈ విచారణ పన్ను పెంచుటకేమో యని జనులు శంకించిన తావులును గలవు. అట్టిచోట్ల వారిని నమ్మించి సమాచారమును రాఁబట్టిన నేర్పు దేశీయులగు నీ సహాయకులది.

1815లో మెకంజీ భారతదేశమున కంతటికి మొదటి సర్వేయరు జనరలయ్యెను. తన సంగ్రహమును గలకత్తాకుఁ గొనిపోయి సూచిక వ్రాయింపఁ దలఁచెను. ఆ కోరిక తీఱకయే 1821లో మరణించెను. కంపెనీ ప్రభుత్వము సంగ్రహమును లక్ష రూపాయలకుఁ గొనెను. హోరేసు హేమన్ విల్సను రచించిన సూచిక 1828లోఁ గలకత్తాలో వెలువడెను. అందు 1,568 గ్రంథములును, 2,070 స్థానికవృత్తాంతములును, 8,076 శాసనప్రతులును లెక్కింపఁబడినవి. ఆ సూచిక లేకున్నచో నీ రాశిలో నేమున్నదో యెవ్వరికిని దెలియకపోయెడిది. అయినను విల్సను సంస్కృతపండితుఁడు. దాక్షిణాత్యభాషలలోని విషయముల కతఁడు సహాయకుల యనువాదములపై నాధారపడవలసివచ్చెను. ద్వారమున్నదని సూచిక తెలిపెను. లోపలికిఁ బోవుటకుఁ దెలుఁగును, దమిళమును, గన్నడమును వచ్చినవారు కావలసియుండిరి.

అట్టివారు లేకపోలేదు. కావలి వెంకట రామస్వామి 1829లోఁ గలకత్తాయందు దక్కనుకవుల జీవితములను గూర్చి యాంగ్లమున నొక పుస్తకమును బ్రకటించెను. సేకరణపనిలోఁ బండినవాఁడు తానుగా గ్రంథకర్త కాఁగలఁడనుటకు నదియే నిదర్శనము. ఇంతలో సంగ్రహము చీలిపోయెను. కొంత భాగము లండనునకుఁ బోయెను. దక్షిణభాషలలోని లిఖితపుస్తకములు మద్రాసునకు మరల వచ్చెను. మద్రాసున నుండిన వెంకట లక్ష్మయ్య తాను సగము జీవితము ధారవోసి కూర్చిన యా రాశిపైఁ బరిశోధనమును గొనసాగింప ననుమతియు, సహాయమును వేఁడెను.

ఈ మనవి కలకత్తాలోని యాసియాటిక్ సొసైటీకిఁ బోయెను. ఆ సంఘమునకు నాఁడు కార్యదర్శి జేమ్సు ప్రిన్సెపు. బ్రాహ్మీలిపి రహస్యమును ఛేదించిన మహామేధావి. కాని 1836లో నా సంఘము లక్ష్మయ్యకుఁ బ్రతికూలముగా నభిప్రాయ మొసఁగెను. సహాయకుఁడుగా నతఁ డుపయోగపడునే కాని, విమర్శనాత్మకమగు నంతటి కార్యమునకుఁ జాలఁడని వారి తలంపు. ఆ పని విలియం టెయిలరను మతాచార్యున కప్పగింపఁబడెను. టెయిలరు శ్రమజీవి, సిరా వెలిసి పురుగు తినిన పత్రములఁ గొన్నింటికిఁ బ్రతులు వ్రాయించెను, 1857 మొదలు 1862 వఱకు మూఁడు సంపుటముల సూచికను బ్రకటించెను. ఆ మేలు మఱవరానిది. కాని యే వృత్తాంత మే యూర నెవ్వరినోటినుండి వచ్చినదో, యెట్టి ప్రశ్నకుఁ బ్రత్యుత్తరముగా వ్రాయఁబడినదో యెఱిఁగిన లక్ష్మయ్య వాక్యము మాత్రము సూచికల కెక్కలేదు. పుస్తకములు మద్రాసునకు మరలి వచ్చినను నవి యెవరికిఁ దెఱవఁబడినవను ప్రశ్న మిగిలియే యుండెను. మనుష్యునిఁ జూచి యోగ్యతను నిర్ణయించు గ్రంథాలయము తన పుస్తకముల విలువను దానే తగ్గించుకొనును.

ఇదే కాలమున వేఱొక మార్గమును జూపినవాఁడు చార్లెసు ఫిలిప్పు బ్రౌను. 1817లో మద్రాసునకు వచ్చిన యీ యుద్యోగి కడపలోని తన బంగళాయందుఁ బండితులను, వ్రాయసకాండ్రను జీతమిచ్చి నిలిపెను. ఒక్కొక కావ్యమునకు దొరకిన ప్రతులనన్నింటిని దెప్పించి, పాఠభేదములను గుఱుతింపించి, శుద్ధప్రతులను సిద్ధపఱపించెను. వేమన పద్యములను 1829లో నచ్చొత్తించెను. ఇంగ్లండులో నుండఁగా 1837లో నిండియాహౌసు గ్రంథాలయమున డాక్టరు జాన్ లేడను సంపాదించిన దాక్షిణాత్యగ్రంథములను గనుఁగొని, వానిని మద్రాసునకుఁ బంపునట్లు చేసెను. లేడను 1811లోనే మరణించెను గనుక నవి చదువువారికి దూరమై యేండ్ల తరబడి యచ్చటఁ బడియుండెనన్నమాట. మెకంజీ సంగ్రహములోని శిథిలమగుచున్న తెలుఁగు కైఫీయతులకును బ్రౌను ప్రతులు వ్రాయించెను. స్థానికచరిత్రలు, అనఁగా లోకల్ రికార్డులు, అని పరిశోధకు లిప్పటికిని బేర్కొనునవి యీ ప్రతులే. తాను సేకరించిన లిఖితపుస్తకములను దన యింటనే దాఁచుకొనక మద్రాసు సాహిత్యసంఘమున కర్పించుట బ్రౌను చేసిన పనులలోఁ బ్రధానమైనది.

మెకంజీ, లేడను, బ్రౌనుల సంగ్రహములు మూఁడును జేరి మద్రాసు ప్రభుత్వప్రాచ్యలిఖితపుస్తక భాండాగారమున కాధారమయ్యెను. అది 1869లో స్థాపితమయ్యెను. ఇరువదవ శతాబ్దమున నచ్చటి గ్రంథములకు వివరణసూచికలు వరుసగా నచ్చుపడుటతో దూరముననున్న పండితులును దమకుఁ గావలసిన దేదియో యెఱిఁగి యడుగఁగలిగిరి. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి రంగనాథను 1931లోఁ బ్రకటించిన పంచసూత్రములలో మొదటిది గ్రంథములు వినియోగము కొఱకే యని విధించుచున్నది. లిఖితపుస్తకముల విషయమున నా సూత్రమునకు బలము వివరణసూచికయే.

దాని ఫలము చరిత్రరచనయందుఁ గానవచ్చెను. కె. ఏ. నీలకంఠశాస్త్రియు నేలటూరి వెంకటరమణయ్యయుఁ గలిసి 1946లో విజయనగరచరిత్రకుఁ గ్రొత్త యాధారములను మూఁడు సంపుటములుగాఁ బ్రకటించిరి. ఒక సంపుటమునఁ బీఠిక, ఒకదానియందు మూలపాఠములు, వేఱొకదానియందు ననువాదములును సంగ్రహములును నమర్పఁబడినవి. ఈ కూర్పులోనే యొక ధర్మమున్నది. గ్రంథకర్తలు తమ నిర్ణయములను మాత్రము చెప్పి యూరకొనలేదు. ఏ వాక్యముపై నా నిర్ణయము నిలిచినదో యా వాక్యమును జదువరి ముందుంచిరి. ఒప్పుకొననివాఁడు మూలమును జూచి వాదింపవచ్చును. వివృతవిజ్ఞానమనఁగా నిదియే.

ఈ వాదావకాశము లేనిచోఁ గైఫీయతులవలన మేలుకంటెఁ గీడే యెక్కువ కలుగును. ఏలయనఁగా నవి యన్నియు సత్యములు గావు. పెక్కు గ్రామముల కైఫీయతులు తమ యగ్రహారము ముక్కంటి మహారాజు దానమనియో, జనమేజయుని సర్పయాగకాలపు దనియో చెప్పును. శాసనముతోఁ బోల్చి చూచిననే యే మాట నమ్మఁదగినదో, యేది యూరివారి గౌరవకాంక్షవలనఁ బుట్టినదో తేలును. ఒకే పరిశోధకునిచేతిలో నున్న కైఫీయతు ప్రమాణవాక్యమైపోవును. పదిమంది చేతులలోఁ బడినదే పరీక్షకు నిలుచును. భాండాగారము సత్యమును నిర్ణయింపదు; సత్యనిర్ణయమునకుఁ దావిచ్చును.

ఇటీవలి కాలమున నీ తావు విశాలమైనది. మద్రాసు విశ్వవిద్యాలయమువారు మహాలింగముచే రచింపఁజేసిన మెకంజీ లిఖితపుస్తకసంగ్రహములలోఁ దెలుఁగు, కన్నడము, మరాఠీలకు సంబంధించిన సంపుటము 1976లో వెలువడెను. కడపలో బ్రౌను బంగళా యున్న చోటనే యతని పేర వెలసిన భాషాపరిశోధనకేంద్రము కడపజిల్లా కైఫీయతులను బలు సంపుటములుగాఁ బ్రకటించినది. ఊరినుండి మద్రాసునకును, అటనుండి కలకత్తాకును బోయి మరలి వచ్చిన వృత్తాంత మిట్లు తాను బుట్టిన సీమకుఁ దిరిగి చేరినది. 2003లో భారతప్రభుత్వ మారంభించిన జాతీయలిఖితగ్రంథోద్యమము తాళపత్రములను ఛాయాచిత్రములుగా భద్రపఱచు కార్యమునకుఁ బూనుకొనినది.

ఛాయాచిత్రముతోనే పని ముగియదు. నాఁటి గొలుసుకట్టు వ్రాఁతను జదువఁగలవారు లేనిచో జిత్రము తాటియాకువలెనే మూఁగదగును. పేరు, ఊరు, కాలము, వ్రాయించినవారు, వ్రాసినవారు అను వివరములు చేరినప్పుడే యది వెదకినవారికి దొరకును. ఆ వివరములలో సేకర్తల పేళ్లును జేరవలయును. మెకంజీ పేర నిలిచిన సంగ్రహమునందుఁ గావలి సోదరుల శ్రమయు, ఊరిపేరు తప్పఁ దన పేరు మిగులని కరణముల వాక్కును గలదు. తిరస్కృతుఁడైన లక్ష్మయ్యకు నేఁడు చేయఁదగిన న్యాయ మొక్కటే: ఆతఁడు కూర్చిన ప్రతి పుటయు, నడిగిన ప్రతివానికిని, కులమును బదవియుఁ బట్టమును విచారింపక, చదువుట కిచ్చుట.