క్రైస్తవ సంఘాలు, పని నీతి: తెలుగు ప్రాంత చరిత్ర

న్యాయమైన కూలి, వారానికో విరామం, లెక్కల్లో నిజాయితీ, పనివాడి పట్ల యజమాని బాధ్యత: వీటి గురించి చర్చిలు బోధించినదీ ఆచరించినదీ కలిపి పని నీతి అనుకోవచ్చు. ఐరోపాలో దీనికి 1891 మే 15న పోప్ 13వ లియో వెలువరించిన 'రేరుమ్ నోవారుమ్' లేఖను ఆధారంగా చూపుతారు. తెలుగు నేల మీద ఈ చరిత్ర అంతకు పాతికేళ్ల ముందే, మాదిగగూడెంలో మొదలైంది. మిషన్లు మాత్రం అంతకు చాలా ముందే వచ్చాయి. ఆలూరు, ఆదోని తాలూకాలు అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉండేవి. 1810లో జాన్ హ్యాండ్స్ బళ్లారికి వచ్చాక లండన్ మిషన్ అక్కడ స్థిరపడింది. 1953 అక్టోబరు 1న ఈ రెండు తాలూకాలూ ఆంధ్ర రాష్ట్రంలో చేరాయి. అయితే మిషన్ల పని నీతి అసలు పరీక్షకు నిలబడింది కోస్తాలో. ఆ పరీక్షలో ఒక విషయం తేలింది: పనివాడు పని మానుకుని వెళ్లగలిగిన చోట చర్చి నీతి నిలిచింది, వెళ్లే దారి మూసేసిన చోట చర్చే కఠినమైన యజమాని అయింది.

1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, కొత్తగా చేరిన మాదిగలకు మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. మొదటి నియమాన్ని వట్టి ఆచారంగా కొట్టిపారేసేవారున్నారు. ఊరి లెక్కలో పెట్టి చూస్తే సంగతి వేరు. మాదిగ చేసే పనికి రోజు కూలి లేదు, పంట ఇంటికొచ్చినప్పుడు కల్లంలో కొలిచే మేర ఉంది. చెప్పులు కుట్టాలి, డప్పు కొట్టాలి, మోట తోలే తోలుబాన చిరిగితే అప్పటికప్పుడు కుట్టివ్వాలి. ఆదివారం బాన చిరిగితే సోమవారానికి మడి ఎండుతుంది. రైతు కోపానికి కారణం లేకపోలేదు. కానీ ఆ కోపం తీరు చూడండి: బావి నీళ్లు బందు, చాకలి బందు, కుమ్మరి కుండ బందు. మతం మారారన్న కోపమే అయితే ఏడు రోజులూ అదే ఉండాలి. ఆదివారం పిలుపుకు రాలేదన్నది ప్రత్యేకమైన ఫిర్యాదు. పని వద్దనడం ఆ కులానికి అంతకుముందు లేని హక్కు. బొంబాయి మిల్లు కార్మికులు నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో ఆదివారం సెలవు సాధించింది 1890లో. మరుసటేటి ఫ్యాక్టరీ చట్టం ఇచ్చిన వారపు సెలవు కర్మాగారాలకే పరిమితం. పత్తి చేలకు అది వర్తించలేదు.

1876-78 కరువు రెండో ఘట్టం. బళ్లారి, కర్నూలు జిల్లాలు దారుణంగా దెబ్బతిన్నాయి. 1877 ఆరంభంలో ప్రభుత్వ కరువు ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని కూలి తగ్గించాడు. ఆ తిండితో మట్టి మొయ్యలేరని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అభ్యంతరం చెప్పాడు. ఒంగోలు దగ్గర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పనిని క్లౌ స్వయంగా కాంట్రాక్టు తీసుకున్నాడు. వేరేచోట మేస్త్రీల తిట్లు, మోసం భరించలేని మాదిగలకు తన బోధకులనే పర్యవేక్షకులుగా పెట్టాడు. గంజి కోసం మతం మార్చారన్న ఆక్షేపణ ఇక్కడే వస్తుంది. దానికి జవాబు తేదీల్లో ఉంది: కాలువ పని సాగినన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. పని ముగిశాక, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఈ జవాబు పూర్తిగా తీరుస్తుందా? తీర్చదు. కడుపు నింపిన చేతి మీద విశ్వాసం పుట్టడం సహజం. ఏది కృతజ్ఞత, ఏది నమ్మకం అని విడదీసే తూనిక ఎవరి దగ్గరా లేదు. కూలి మాత్రం బాప్తిస్మానికి బదులుగా ఇచ్చింది కాదు.

స్టువర్టుపురం సంగతి వేరు. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను ఉంచడానికి 1913లో క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ బాపట్ల సమీపాన నెలకొల్పిన సెటిల్మెంటు అది. ఊరు దాటాలంటే చీటీ కావాలి, హాజరు పలకాలి. అక్కడి వారిని చీరాల ఐఎల్‌టీడీ పొగాకు కర్మాగారానికి కూలీలుగా పంపేవారు. పనే మనిషిని బాగుచేస్తుందన్నది నిర్వాహకుల నమ్మకం, దాన్ని శంకించనక్కర్లేదు. కానీ పని మానేస్తే చట్టమే వెంటపడే మనిషితో కూలి బేరం ఎలా కుదురుతుంది? పాఠాలు చెప్పారు కదా, భూములిచ్చారు కదా అనేవారి మాట నిజమే; ఆ భూమిని వదిలి పోయే వీలు లేదన్నదీ అంతే నిజం. ఒంగోలు కాలువ మీద, ఇక్కడ, మస్టరు చర్చి చేతిలోనే ఉంది. తేడా అల్లా గేటు దగ్గరే. 1952కల్లా ఆ చట్టం దేశమంతటా రద్దయింది.

స్వాతంత్ర్యం తర్వాత ప్రశ్న చర్చి సొంత సంస్థల్లోకి వచ్చింది. మైనారిటీ సంస్థలకు 30వ అధికరణం ఇచ్చిన నిర్వహణ స్వేచ్ఛలో సిబ్బంది సంగతి కూడా కలుస్తుందన్నది యాజమాన్యాల వాదం. రాయలసీమ రోగులు నేటికీ పెద్ద జబ్బొస్తే బండెక్కే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల (సీఎంసీ) ఆసుపత్రి ఉద్యోగుల సంఘం వేసిన కేసులో, పారిశ్రామిక వివాదాల చట్టం ఆ ఆసుపత్రికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1987లో తేల్చింది. సేవాభావంతో నడిచే చోట యూనియన్ ఎందుకన్న వాదన వినసొంపుగా ఉంటుంది. సేవ చేసేవాడి జీతం కూడా ఆ భావంతోనే ఇవ్వాలి గదా.

1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో లండన్ మిషన్ వారసత్వం కలిసింది. పని మానుకుని వెళ్లే దారి ప్రశ్న ఇప్పుడు ఆ పాత బళ్లారి నేల మీద మళ్లీ నిలిచింది: ఆలూరు, కోసిగి ప్రాంతాల నుంచి కూలీలు సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిర్చి కోతలకు, కుటుంబాలతో తరలిపోతుంటారు. ముందస్తు సొమ్ము ఎవరిస్తే వారి చేలోనే సీజను గడవాలి. వెట్టిని నిషేధించిన 1976 చట్టం అప్పు పేరిట మనిషిని కట్టేయడాన్నీ నేరమే అంటుంది. కాయను కిలోల లెక్కన తూచి కూలి కట్టే చేలో ఆదివారం ఆగిన కూలికి ఆ రోజు రాబడి లేదు, తీసుకున్న సొమ్ము మాత్రం అలాగే ఉంటుంది.